డబ్బు పడింది సరే... చేతికి అందిందా?

"మావా, సైట్‌లో సక్సెస్ అనే ఉందిరా. డబ్బులు మాత్రం లేవు."

2020 ఏప్రిల్ మూడో వారం. దేశమంతా లాక్‌డౌన్. హైదరాబాద్‌లో నా గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఫోన్ చేసింది ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్. వాడిది ముంచింగిపుట్టు మండలంలో ఒడిశా సరిహద్దు దగ్గరి చిన్న ఊరు. జనతా కర్ఫ్యూకి ముందు రోజు ఇంటికెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ఊళ్లో సిగ్నల్ లేదు. ఊరి వెనకాల గుట్టెక్కి ఒక బండ మీద నిలబడితే ఫోన్లో రెండు గీతలు కనిపిస్తాయి. రోజూ సాయంత్రం అక్కడికెక్కి నాకు ఫోన్ చేసేవాడు.

ఆ ఊళ్లో స్మార్ట్‌ఫోన్ ఉండి, ఇంగ్లిష్ చదవగలిగినవాడు వాడొక్కడే. అందుకని ఊరంతా పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు పట్టుకుని వాడి ఇంటికొచ్చేవాళ్లు. వాడు ఒక నోటుబుక్కులో పేర్లు రాసుకుని బండెక్కి నాకు చదివి వినిపించేవాడు. ఇక్కడ వైఫై ముందు కూర్చుని ఒక్కొక్కరి స్టేటస్ చూసి చెప్పడం నా పని. కొందరికి డబ్బు పడింది. కొందరి పేర్లే జాబితాలో లేవు. కొందరికి డబ్బు పడినట్టు ఉంది గానీ పాస్‌బుక్కులో కనిపించదు.

ఒకరోజు వాడి వెనకాల ఒక తాత కూడా గుట్టెక్కి వచ్చాడు. ఫోన్ స్పీకర్లో పెట్టించుకుని నన్నే అడిగాడు. "బాబూ, డబ్బు వచ్చీసిందని ఫోను చెప్తంది. మరి ఫోనుకే ఇచ్చీసినారేటి?"

నవ్వేశాను. తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ వేసవిలో ఏమేం ఇచ్చారు?

ముందు లెక్కలు చూద్దాం. లాక్‌డౌన్ మొదలైన మర్నాడే, అంటే 2020 మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల రూపాయల గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించారు. అందులో రైతులకు సంబంధించింది పీఎం కిసాన్. అది కొత్త పథకం కాదు. 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో. ఆ ఏడాది మొదటి విడత 2 వేలను ఆలస్యం చేయకుండా ఏప్రిల్‌లోనే 8.7 కోట్ల మంది రైతులకు వేస్తామన్నారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున మూడు నెలలు ఇచ్చారు. బ్యాంకుల దగ్గర జనం గుమిగూడకుండా, ఏప్రిల్‌లో ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు.

రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్ 4న బియ్యం కార్డున్న పేద కుటుంబాలకు వెయ్యి రూపాయల చొప్పున వాలంటీర్ల చేత ఇంటికే పంపింది. మే 15న వైఎస్సార్ రైతు భరోసా తొలి విడత వేసింది. ఏడాదికి మొత్తం 13,500 ఇచ్చే పథకం అది. భూమి పట్టా ఉన్న రైతుకు అందులో 6 వేలు కేంద్రం పీఎం కిసాన్ వాటా, మిగతా 7,500 రాష్ట్రం వాటా. కేంద్రం 2 వేలు ఏప్రిల్‌లోనే వేసింది కాబట్టి మే నెలలో రాష్ట్రం 5,500 వేసింది.

అంటే పేరు సరిగ్గా ఉన్న గిరిజన రైతు కుటుంబానికి ఏప్రిల్, మే నెలల్లో రైతు సాయం 7,500, చేతికి ఒక వెయ్యి, ఇంట్లో ఆడవాళ్లకు జన్‌ధన్ ఖాతా ఉంటే జూన్ దాకా ఇంకో 1,500. మొత్తం పది వేలు. కొండ మీద అది చిన్న మొత్తం కాదు. ఆ ఏడాది చోడి, అంటే మనం రాగులనేదే, మద్దతు ధర క్వింటాలు 3,295 రూపాయలు. ఆ లెక్కన ఒక్క పీఎం కిసాన్ విడతే 60 కిలోల చోడికి సమానం. ఆ 60 కిలోలూ చాలామందికి మద్దతు ధరకు అమ్ముకోవడానికి మిగిలేవి కావు. ఇంట్లో అంబలికే సరిపోతాయి.

సంత ఆగితే...

కొండ ఊళ్లలో నగదు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే ఈ పది వేల విలువ అర్థమవుతుంది. అక్కడ జీతాలుండవు. వరి, చోడి, సామ తినడానికి. పసుపు, మిరియాలు, కాఫీ, రాజ్‌మా, వలిసెలు అమ్మడానికి. కాఫీ, పసుపు డబ్బులు త్వరగానే ఖర్చయిపోతాయి. వేసవిలో చేతికి నాలుగు రూపాయలు వచ్చేది చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, తేనె వల్ల. అవన్నీ అమ్ముడయ్యేది వారపు సంతలో, లేదా గిరిజన సహకార సంస్థ డిపోలో. ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కునేదీ అదే సంతలో.

లాక్‌డౌన్ సరిగ్గా చింతపండు సీజన్‌లో వచ్చింది. సంతలు ఆగిపోయాయి. కింది నుంచి షావుకార్ల వ్యాన్లు రాలేదు. కేంద్రం మే 1న 49 రకాల అటవీ ఉత్పత్తుల మద్దతు ధర పెంచింది. గింజ చింతపండు కిలో 31 నుంచి 36 అయింది. మంచి నిర్ణయమే. కానీ అప్పటికి చెట్లు దులపడం అయిపోవచ్చింది. వచ్చిన కాడికి అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు. లేనివాళ్లు గోనెల్లో కట్టి అటక మీద పెట్టుకున్నారు.

ఉపాధి హామీ కూలి రోజుకు 211 నుంచి 237కి పెరిగింది. పనులు మళ్లీ మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా కూలి డబ్బు ఖాతాలో పడేదాకా, ఆ పెరుగుదల కాగితం మీదే. అలాంటి నెలల్లో ఫోన్లో 'సక్సెస్' అని కనిపించి, చేతికి రూపాయి రాకపోతే ఎలా ఉంటుందో ఊహించండి.

డబ్బు నడిచే దారి

నేను చేసే పని పేమెంట్లకు సంబంధించిందే. మా స్క్రీన్ల మీద లావాదేవీ పూర్తయితే ఆకుపచ్చ రంగు వస్తుంది. ఆకుపచ్చ వచ్చిందంటే మా పని అయిపోయినట్టు. ఆ నోటుబుక్కు పుణ్యమా అని మొదటిసారి ఆ ఆకుపచ్చ తర్వాత ఏం జరుగుతుందో వెతికాను.

ప్రభుత్వం మీట నొక్కితే రైతు ఖాతాలో డబ్బు పడుతుందని పేపర్లో చదువుతాం. మీటకీ చేతికీ మధ్య కనీసం మూడు ముళ్లున్నాయి.

మొదటి ముడి పేరు. భూమి రికార్డులో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు, బ్యాంకులో ఉన్న పేరు ఒకటే కావాలి. మైదానంలో ఇది పెద్ద సమస్య అనిపించదు. కొండల్లో కొర్ర, కిల్లో, పాంగి, వంతల లాంటి ఇంటిపేర్లు కొన్నే. సరిహద్దు ఊళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పిల్లలకు పేరు పెట్టే అలవాటుంది. సోమవారం పుడితే సోమ, బుధవారమైతే బుద్ర, శుక్రవారమైతే సుక్ర. ఇంటిపేర్లు కొన్ని, వారాలు ఏడు. ఇక ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురు ఉండటంలో వింతేముంది? ఊళ్లో వాళ్లు 'పొడుగు సోమ', 'మర్రి కింద సోమ' అని పిలుచుకుంటారు. కంప్యూటర్‌కి మర్రిచెట్టు తెలీదు. పైగా అదే ఇంటిపేరు ఇంగ్లిష్‌లో ఒక చోట ఒక 'హెచ్'తో, ఇంకో చోట అది లేకుండా ఎక్కింది. పుట్టిన తేదీ తెలీని పెద్దవాళ్లకు చాలామందికి జనవరి 1 అని రాసేశారు. పేరూ అదే, ఊరూ అదే, పుట్టినరోజూ అదే అయితే ఏ ప్రోగ్రామైనా ఏమనుకుంటుంది? ఒకే మనిషి రెండుసార్లు దరఖాస్తు పెట్టాడనుకుంటుంది.

రెండో ముడి ఖాతా. ఉపాధి హామీ కోసం ఒక ఖాతా తెరిపించారు. జన్‌ధన్ అని ఇంకొకటి. స్కాలర్‌షిప్ కోసం, పింఛను కోసం, పొదుపు సంఘం కోసం మరొకటి. మనిషికి రెండు మూడు పాస్‌బుక్కులు. ప్రభుత్వ డబ్బు రెండు దారుల్లో వెళుతుంది. ఒకటి ఖాతా నంబరు మీద. రెండోది ఆధార్ నంబరు మీద. ఆధార్ దారిలో వెళ్లే డబ్బు, ఆఖరున ఏ బ్యాంకులో ఆధార్ అనుసంధానం చేశారో ఆ బ్యాంకుకే పోతుంది. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇస్తే ఉత్తరాలన్నీ అక్కడికే వెళ్లినట్టు అన్నమాట. తేడా ఏంటంటే, ఇక్కడ చిరునామా మారిన సంగతి చాలాసార్లు మనిషికే తెలీదు. ఏదో క్యాంపులో వేలిముద్ర వేయించుకుని ఖాతా తెరిచి వెళ్లిపోతారు. డబ్బు అందులో పడుతుంటుంది. పెద్దాయన పాత పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాడు.

మా తాత సంగతి ఇదే. నాలుగైదు రోజులు వెతికితే తెలిసింది. ఆయన 2 వేలూ ఎక్కడికీ పోలేదు. ఎప్పుడో కొడుకు తీసుకెళ్లి తెరిపించిన, ఆయన మర్చేపోయిన ఖాతాలో భద్రంగా ఉన్నాయి. స్క్రీన్ అబద్ధం చెప్పలేదు. నిజం మొత్తం మాత్రం చెప్పలేదు.

మూడో ముడి వేలు. ఖాతాలో పడిన డబ్బు తీయాలంటే మండల కేంద్రానికి రావాలి, లేదా బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టాలి. పార పట్టి, గొడ్డలి పట్టి, అల్లం పసుపు తవ్వి అరిగిపోయిన వేళ్లు మిషన్‌కి ఆనవు. ఆనినా సిగ్నల్ ఉండాలి. అప్పట్లో పైగా కరోనా భయం. అందరూ వేలు పెట్టిన అద్దం మీద వేలు పెట్టాలంటే జంకు. బస్సుల్లేవు, జీపుల్లేవు. 2 వేలు తెచ్చుకోవడానికి రోజంతా నడిచి వచ్చి, వేలు పడక వెనక్కి వెళ్లిన వాళ్ల పేర్లు మా వాడి నోటుబుక్కులో ఒక పేజీ నిండా ఉన్నాయి. లాక్‌డౌన్‌లో తపాలా శాఖ చాలాచోట్ల పోస్ట్‌మ్యాన్‌కి చిన్న మిషన్ ఇచ్చి ఇంటి దగ్గరే నగదు ఇప్పించింది. అలాంటి ఏర్పాటున్న ఊళ్లు అదృష్టం చేసుకున్నాయి.

అసలు రైతెవరు?

ఈ మూడు ముళ్లూ విప్పొచ్చు. ఓపిక కావాలి, అంతే. మాకు విప్పలేనిది నోటుబుక్కులో చివరి పేజీల్లో ఉంది. 'జాబితాలో పేరు లేదు' అని రాసుకున్నవాళ్లు. అందులో మొదటి పేరు మా వాడి నాన్నది.

ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచీ సేద్యమే. కొండవాలు మీద పోడు చేసి చోడి, సామ వేస్తాడు. నీడన కాఫీ మొక్కలున్నాయి. ఊళ్లో ఎవర్నడిగినా ఆ చెక్క ఎవరిదో చెబుతారు. ప్రభుత్వ రికార్డులో మాత్రం అది అడవి. కాబట్టి ఆయన రైతు కాదు.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. ఈ కొండల్లో భూమికి కాగితం రావడమే ఆలస్యంగా వచ్చింది. బ్రిటిష్ కాలం నుంచీ ఇక్కడ ముఠాదారీ పద్ధతి నడిచింది. శిస్తు వసూలు చేసే ముఠాదారు మాటే రికార్డు. స్వతంత్రం వచ్చిన 22 ఏళ్లకు, 1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దు చేసి రైత్వారీ పద్ధతి తెచ్చారు. ఆ తర్వాత సర్వే చేసి పట్టాలిచ్చినవి చాలావరకు పల్లపు భూములు. పోడు చేసే కొండవాలు అడవి కిందే ఉండిపోయింది. పట్టాలు వచ్చినవాళ్లలోనూ ఎంతోమందికి అవి తాతల పేరు మీదే ఉన్నాయి. ఆ తాత పోయాడు, ముగ్గురు కొడుకులు పంచుకున్నారు, వాళ్ల పిల్లలు పంచుకున్నారు. కాగితం మీద మాత్రం తాతే సాగు చేస్తున్నాడు. చనిపోయినవాళ్లకు పీఎం కిసాన్ రాదు. బతికున్నవాళ్లకు పట్టా లేదు.

ఇటు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు ఉంది. 1955 నుంచి కరెంటు ఇస్తున్న ఈ ప్రాజెక్టు కోసం జోలాపుట్ దగ్గర నీళ్లు నిలిపారు. ఊళ్లు మునిగి, జనం పైకి జరిగారు. జరిగిన చోట కొత్తగా అడవి నరికి సేద్యం మొదలుపెట్టినవాళ్లకు కాగితం ఎవరిస్తారు?

2006 అటవీ హక్కుల చట్టం ఈ అన్యాయాన్ని సరిచేయడానికే వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి అడవి భూమిని సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి, సాగులో ఉన్నంత మేర, గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు పత్రం ఇవ్వాలి. గ్రామసభ మొదట తీర్మానించాలి. తర్వాత సబ్‌డివిజన్ కమిటీ, ఆపైన జిల్లా కమిటీ. ఆ భూమి వారసులకు వెళ్తుంది, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. దీన్నే మన దగ్గర ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అంటారు. మా వాడి నాన్న దరఖాస్తు పెట్టి ఏళ్లు గడిచాయి. కొలతలని ఒకసారి, మ్యాప్ అని ఒకసారి ఆగిపోతూ వచ్చింది.

అక్టోబర్ 2

2020 అక్టోబర్ 2, గాంధీ జయంతి రోజున రాష్ట్ర ప్రభుత్వం ఈ పట్టాల పంపిణీ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. రాష్ట్రవ్యాప్తంగా 1.53 లక్షల పట్టాలు, 3.12 లక్షల ఎకరాలు అని ప్రకటించింది. ఆ నెల 27న రైతు భరోసా రెండో విడతతో పాటు, కొత్తగా పట్టాలు అందుకున్న గిరిజన రైతులకు మొదటి రెండు విడతలూ కలిపి 11,500 చొప్పున వేసింది. వీళ్లకు సంబంధించిన మొత్తం రాష్ట్ర ఖజానా నుంచే.

నవంబర్ చివర్లో నేను మొదటిసారి ఆ ఊరు వెళ్లాను. పాడేరు, పెదబయలు మీదుగా జీపు. దారి పొడుగునా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు. చోడి కోతలు జరుగుతున్నాయి. మా వాడి నాన్న ఇంటి చూరులోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తీశాడు. అందులో ఇంకో సంచీ. దాన్లో మడత పడకుండా అట్టముక్క పెట్టిన పట్టా. నాకు చదవమని ఇచ్చాడు. ఆయనకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. పేరు, విస్తీర్ణం, హద్దులు చదివాను. తూర్పున గెడ్డ, పడమట ఫలానా వాళ్ల చెక్క అని చదువుతుంటే తల ఊపుతున్నాడు. అవన్నీ ఆయనకు తెలిసినవే. ప్రభుత్వం నోట వినడం కొత్త.

"డబ్బులతో ఏం చేశారు నాన్నా?" అని అడిగాను.

"డబ్బుదేటుంది బాబూ, ఇంటి పైకి రేకులు తెచ్చినాం, అప్పు తీర్చినాం, అయిపోనాది," అన్నాడు. తర్వాత పట్టా నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుంటూ, "ఇది అయిపోదు," అన్నాడు.

పక్కన చోడి వెన్నులు కొడుతున్న అమ్మ ఆగి మమ్మల్ని చూసింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. ఇక్కడా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆమె పేరు చదివి వినిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డబ్బు మాత్రం ఒక్క ఖాతాలోనే పడుతుంది, అది ఆయనది. పొలంలో కలుపు తీసేది, కాఫీ పళ్లు ఏరేది ఎక్కువగా ఆమే. పట్టాకు తెలిసిన ఈ సంగతి పేమెంట్ ఫైల్‌కి తెలీదు.

అక్కడ పంట, ఇక్కడ కాగితం

మిగతా చోట్ల ఎలా చేశారు? అమెరికా ప్రభుత్వం 2020 ఏప్రిల్ 17న రైతుల కోసం 19 బిలియన్ డాలర్ల కరోనా సాయం ప్రకటించింది. అందులో 16 బిలియన్లు నేరుగా రైతుల చేతికి. ఏ పంటకు, ఏ పశువుకు ధర ఎంత పడిపోయిందన్నదాన్ని బట్టి లెక్క. ఒక్కొక్కరికి 2.5 లక్షల డాలర్ల దాకా పరిమితి. అంటే ఎంత పెద్ద కమతమైతే అంత సాయం. తెలంగాణలో అప్పటికే నడుస్తున్న రైతుబంధు కూడా ఎకరానికి ఇంత అని ఇచ్చేది. మన రాష్ట్రంలో కుటుంబానికి ఇంత. రెండెకరాల గిరిజన రైతుకి ఈ పద్ధతే మేలు. కొండవాలు మీద ఎకరాల లెక్క కడితే ఆయనకు మిగిలేది తక్కువ.

మాచ్‌ఖండ్ అవతల ఒడిశాలో అప్పట్లో కాలియా అనే పథకం ఉండేది. అందులో ఇంకో మంచి ఆలోచన చేశారు. భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు కూడా మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల పెంపకం లాంటి పనులకు 12,500 ఇవ్వాలని పెట్టారు. పథకం మొదలైంది కరోనాకు ముందే. ఏటికి అటూ ఇటూ బంధువులే. ఒకే పెళ్లి భోజనంలో కూర్చున్నప్పుడు, అటు చుట్టానికి భూమి లేకపోయినా సాయానికి ఒక దారి ఉంది, ఇటు చుట్టం భూమి దున్నుతూ కూడా జాబితాలో లేడు.

ఈ పోలికలు చూశాక నాకు ఒకటే అనిపించింది. కష్టకాలంలో ఏ ప్రభుత్వమైనా కొత్త జాబితా తయారు చేయలేదు. అంత సమయం ఉండదు. ఉన్న జాబితా మీదే డబ్బు పంపుతుంది. 2020 ఏప్రిల్‌లో సాయం అంత వేగంగా వెళ్లిందంటే కారణం, 2019లోనే జాబితా ఉండటం. అదే కారణంగా, జాబితాలో లేనివాడికి ఆ వేగం ఎందుకూ పనికిరాలేదు. మా వాడి ఊరికి అందిన అసలు కరోనా సాయం ఏప్రిల్‌లో పడిన 2 వేలు కాదు, అక్టోబర్‌లో వచ్చిన పట్టా అని నేను నమ్ముతాను. ఒకటి ఒక నెల గడిపించింది. రెండోది మనిషిని జాబితాలోకి ఎక్కించింది.

ఐదేళ్ల తర్వాత

ఇప్పుడు చాలా మారింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. కలెక్టరేట్ కోసం విశాఖపట్నం దిగాల్సిన పని తప్పింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో మారుమూల ప్రాంతాలకని వంద 4జీ టవర్లు ప్రారంభిస్తే, అందులో 85 ఈ జిల్లాలోనే. అదే నెలలో పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి ఈకేవైసీ చేసుకునే వీలొచ్చింది. వేళ్లు అరిగిన వాళ్లకు అది నిజంగా ఉపకారం. రైతు భరోసా స్థానంలో అన్నదాత సుఖీభవ వచ్చింది. 2025 ఆగస్టు 2న మొదటి విడత వేశారు. కేంద్రం 6 వేలతో కలిపి ఏడాదికి 20 వేలు.

ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, మొత్తం పెరిగింది. ముళ్లు మాత్రం అవే. 2022 నుంచి పీఎం కిసాన్‌కి ఈకేవైసీ తప్పనిసరి అయ్యాక కొత్త ముడి ఒకటి కలిసింది. ఇంటింటికీ తిరిగిన వాలంటీర్లు ఇప్పుడు లేరు. సచివాలయ సిబ్బందికి ఆ పని అదనం.

మీ ఊళ్లోనో, మీ చుట్టాల్లోనో ఇలాంటివాళ్లుంటే మూడు పనులు చేసిపెట్టండి. ఒకటి, ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూసి, ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉందో వాళ్ల పాస్‌బుక్కు అట్ట మీద పెన్నుతో రాసివ్వండి. డబ్బు పోయిందనుకునే గొడవల్లో చాలావరకు అక్కడే తేలిపోతాయి. రెండు, భూమి ఇంకా చనిపోయిన పెద్దల పేరు మీదే ఉంటే వారసుల పేరు మీదకు మార్పించే దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి. విడత ప్రకటించాక పెడితే ఆ విడత దాటిపోతుంది. మూడు, జాబితాను సచివాలయంలోనో రైతు సేవా కేంద్రంలోనో అంటించినప్పుడు ఫోన్లో ఫొటో తీసి ఊళ్లో అందరికీ చదివి వినిపించండి. అభ్యంతరం చెప్పే గడువు అప్పుడే ఉంటుంది.

ఇక ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పెండింగ్‌లో ఉన్న అటవీ హక్కుల దరఖాస్తులు తేల్చాలి. తిరస్కరిస్తే కారణం మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఈ ఊళ్లలో ఆ భాష తెలుగు కాకపోవచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు, కువి కావచ్చు. డబ్బు వేసినప్పుడు ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో పడిందో చివరి నాలుగు అంకెలతో సచివాలయం గోడ మీద ప్రతి రైతు పేరు పక్కన అంటించాలి. సాఫ్ట్‌వేర్ వాడిగా చెబుతున్నాను, అది ఒక రోజు పని.

మా వాడు ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి ఊరెళ్తే నోటుబుక్కు ఇప్పటికీ తీస్తాడు. ఊళ్లోకి టవర్ సిగ్నల్ వచ్చింది, బండ ఎక్కాల్సిన పని లేదు. చివరి పేజీల్లో కొన్ని పేర్లు కొట్టేశాడు, పట్టా వచ్చినవాళ్లవి. కొన్ని ఇంకా కొట్టేయకుండానే ఉన్నాయి.

మా ఆఫీసులో ఇప్పటికీ లావాదేవీ పూర్తయితే స్క్రీన్ ఆకుపచ్చ అవుతుంది. అది చూసిన ప్రతిసారీ గుట్ట మీద నిలబడ్డ తాత గుర్తొస్తాడు. ఫోనుకే ఇచ్చీసినారేటి అని అడుగుతుంటాడు.